ఆఫీసు చాట్‌లో డ్యాన్సు చేసే చిలుక నిజంగానే ఉందట. దాని దత్తతకి డబ్బు పంపొచ్చా?

మియాపూర్_మైనా:

అందరికీ నమస్తే. దీన్ని పక్షుల విభాగంలో వేయాలో డబ్బుల విభాగంలో వేయాలో తెలియక ఇక్కడ వేస్తున్నా. మోడరేటర్ గారు సరైన చోటికి మార్చేయండి.

మా ఆఫీసు స్లాక్‌లో రంగులు మార్చుకుంటూ తల గుండ్రంగా తిప్పే చిలుక బొమ్మ ఒకటి ఉంటుంది. రిలీజ్ అయినా అదే, ఎవరి బర్త్‌డే అయినా అదే. మొన్న ఇంటి నుంచి పని చేస్తుంటే మా పాప చూసి (ఏడేళ్లు) "ఈ చిలుక పేరేంటమ్మా" అంది. ఏదో ఒక పేరు చెప్పేద్దామనుకుని కూడా వెతికాను. దానికి నిజంగానే పేరుంది. సిరోకో. న్యూజిలాండ్‌లో కాకాపో అనే జాతి. చిలుకల్లో ఎగరలేనిది ఇదొక్కటే. మొత్తం ప్రపంచంలో మిగిలినవి రెండు మూడు వందలే.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక్క మా బ్లాకులోనే అంతకంటే ఎక్కువ మంది ఉన్నారని పోల్చి చెప్పాను. అది నా తప్పే. పాప కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి "మనం ఒకటి తెచ్చుకుని పెంచుదాం" అని ఒకటే గోల. తెచ్చుకోవడం కుదరదు గానీ పేరుకి దత్తత తీసుకునే పద్ధతి ఉందని తెలిసింది. డబ్బు కడితే సర్టిఫికెట్ ఇస్తారట.

నా సందేహం ఏంటంటే, ఆ డబ్బు పక్షి దాకా వెళ్తుందా? ఈ కార్యక్రమానికి భాగస్వాములు ఎవరా అని చూస్తే ఒక కరెంటు కంపెనీ, అంతకు ముందు అల్యూమినియం కంపెనీ. అక్కడ నాకు కొంచెం గతుక్కుమంది. తెలిసినవాళ్లు చెప్పగలరు.

గుంటూరు_ఘాటు:

అల్యూమినియం కంపెనీ చిలుకని కాపాడిందా! దొంగ చేతికి తాళాలిచ్చి, ఇల్లు భద్రంగా ఉందని సన్మానం చేసినట్టుంది.

మా ఊరి బైపాస్ మీద ఒక కంపెనీ వాళ్లు మొక్కలు నాటారు. మొక్క మోకాలెత్తు, బోర్డు మనిషెత్తు. రెండో వేసవికి మొక్క పోయింది. బోర్డుకి మాత్రం ఏటా కొత్త రంగు పడుతోంది. ఇవన్నీ ఆ బాపతే మైనా గారూ. పాపకి ఒక కథల పుస్తకం కొనివ్వండి.

అన్నట్టు "కాకా, పో" అని పేరెవరు పెట్టారో గానీ, మా తెలంగాణ ఫ్రెండ్ ఒకడు ఇది చూసి పడీపడీ నవ్వాడు. వాళ్ల బాబాయిని ఇంట్లోంచి తరిమేసినట్టుందట.

దక్షిణగాలి:

ఈ దారం (థ్రెడ్) నాకోసమే వేసినట్టుంది. నేను న్యూజిలాండ్‌లోనే, డునెడిన్‌లో ఉంటాను, మాది ఒంగోలు దగ్గర పల్లె. 2022 మొదట్లో ఫెనువా హౌ అనే దీవిలో ఈ పక్షుల పనికి రెండు వారాలు వలంటీరుగా వెళ్లొచ్చాను. తెలిసినంత చెప్తా, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు పేరు సంగతి. మావోరీ భాషలో కాకా అంటే చిలుక, పో అంటే రాత్రి. రాత్రి చిలుక. పగలంతా పొద కింద నిద్రపోయి చీకటి పడ్డాక తిరుగుతుంది. నాచు రంగు ఒళ్లు, గుడ్లగూబలాంటి ముఖం. మగది మామూలుగా రెండు కిలోల పైమాటే, కొన్ని నాలుగు దాకా తూగుతాయి. ఎగరలేదు గానీ చెట్లు బ్రహ్మాండంగా ఎక్కుతుంది. దిగేటప్పుడు రెక్కలు చాపి, పడుతున్నట్టూ కాదు, దిగుతున్నట్టూ కాదు, మధ్యరకంగా నేలకి చేరుతుంది.

దానికి ప్రమాదం వస్తే చేసే పని ఒకటే, కదలకుండా బిగుసుకుపోవడం. ఒకప్పుడు ఆ దేశంలో దాని శత్రువులు పైనుంచి చూసి వేటాడే పెద్ద గద్దలు. కదలకపోతే నాచులో నాచులా కలిసిపోయి బతికిపోయేది. తర్వాత మనుషులతో ఎలుకలు, కుక్కలు, పిల్లులు వచ్చాయి. 1880ల్లో కుందేళ్ల బెడద తగ్గిస్తాయని తెల్లవాళ్లు స్టోట్‌లని దింపారు. ముంగిసలా సన్నగా, చురుగ్గా ఉండే జంతువు అది. ఇవి వాసన పట్టి వేటాడతాయి. కాకాపోకేమో ఒంటికి తేనె, పాత చెక్కపెట్టె కలిపినట్టు గుప్పున ఒక వాసన. చీకట్లో నాకే తెలిసిపోయింది, స్టోట్‌కి తెలియదా?

1970ల్లో న్యూజిలాండ్ నైరుతి మూలన ఉన్న ఫియోర్డ్‌ల్యాండ్ కొండల్లో వెతికితే 18 దొరికాయి. అన్నీ మగవే. ఇక అయిపోయిందనే అనుకున్నారు. 1977లో దక్షిణాన స్టువర్ట్ దీవిలో రెండు వందల దాకా ఉన్నాయని, 1980లో వాటిలో ఆడవీ ఉన్నాయని తేలింది. సంబరపడేలోపే అక్కడి పిల్లులు ఏడాదిలో సగానికి పైగా తినేస్తున్నాయని కూడా తేలింది. దాంతో దొరికినవన్నీ పట్టి, పిల్లులూ స్టోట్‌లూ లేని చిన్న దీవులకి తరలించారు. 1995లో లెక్కపెడితే 51 ఉన్నాయి.

డబ్బు సంగతి, ఘాటు గారి కోసం. పక్షుల బాధ్యత ప్రభుత్వ సంరక్షణ శాఖది. 1990లో టివాయ్ పాయింట్ అల్యూమినియం స్మెల్టర్ (అల్యూమినియం తీసే ఫ్యాక్టరీ) వాళ్లు, ఫారెస్ట్ అండ్ బర్డ్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి ఆ శాఖతో జతకట్టారు. ఇరవై ఏళ్లకి పైగా సాగింది. 2016 నుంచి మెరిడియన్ అనే కరెంటు కంపెనీ వచ్చింది. వీళ్లందరికంటే ముందు నుంచీ ఉన్నవాళ్లు ఙాయ్ తహు తెగవాళ్లు, ఆ నేల వాళ్లది. వాళ్ల గురించి మళ్లీ రాస్తా. పిల్లాణ్ణి క్రికెట్ నుంచి తీసుకురావాలి.

లెక్కలమాస్టారు:

బాగా రాశావు నాయనా. ఙ అక్షరం నలభై ఏళ్లు పిల్లల చేత దిద్దించాను, దానితో మొదలయ్యే మాట ఒకటి చెప్పండి సార్ అని అడిగితే నీళ్లు నమిలేవాణ్ణి. ఇప్పుడు దొరికింది.

ఇక అసలు విషయం. 1990లో డబ్బు రావడం మొదలైంది. 1995కి 51కి పడిపోయాయి అంటున్నావు. అంటే ఐదేళ్లు పోసిన డబ్బుకి ఫలితం తగ్గుదలేనా? ఆ డబ్బు పెట్టినవాడు నా దగ్గర చదువుకుని ఉంటే ఆరో ఏడు ఆపేయమని చెప్పేవాణ్ణి.

ఇంకో లెక్క. ఒక్కో పక్షికి ఒక మనిషి, ఒక యంత్రం, హెలికాప్టర్లు. అదే డబ్బుతో దోమతెరలు కొంటే ఎంతమంది పిల్లలు బతుకుతారు? నేను కఠినుణ్ణి కాదు. చిలుక ఉంటే మంచిదే. కానీ మైనా అమ్మాయి మధ్యతరగతి ఉద్యోగి. విదేశీ సంస్థకి పంపితే ఇక్కడ 80జి కింద పన్ను మినహాయింపు కూడా రాదు, గుర్తుంచుకోవాలి.

మియాపూర్_మైనా:

మాస్టారూ, 80జి గురించి చెప్పినందుకు థాంక్స్. అది అసలు ఆలోచించలేదు.

పాప కొత్త ప్రశ్న: "18 మగవే దొరికితే వాటికి బోర్ కొట్టలేదా?"

దక్షిణగాలి:

పాప ప్రశ్నకి ముందు జవాబు. బోర్ కొట్టలేదు, పిలుస్తూ కూర్చున్నాయి. మగ కాకాపో కొండ మీద చదును చేసిన చోట నేలలో గిన్నెలాంటి గుంట తవ్వుకుంటుంది. దానికి దారులు కూడా శుభ్రం చేసి పెట్టుకుంటుంది, మన వాకిలి ఊడ్చినట్టు. ఆ గుంటలో కూర్చుని ఒళ్లంతా గాలితో ఉబ్బించి "బూమ్" అంటుంది. గాలి అనుకూలంగా ఉంటే ఐదు కిలోమీటర్ల దాకా వినిపిస్తుందంటారు. సీజన్ వస్తే రాత్రంతా, రెండు మూడు నెలలు అదే పని. నేను గుడిసెలో పడుకుని విన్నాను. విన్నాను అనేకంటే ఛాతీలో తగిలింది అనాలి. దూరంగా ఊరేగింపులో డప్పు కొడుతుంటే, పాట వినిపించకపోయినా ఆ దరువు ఒక్కటే వచ్చి తగులుతుంది చూడండి, అలా.

ఆ ఫియోర్డ్‌ల్యాండ్ మగవాటిలో 1975లో పట్టిన ఒకదానికి రిచర్డ్ హెన్రీ అని పేరు పెట్టారు. ఆ పేరు గల మనిషి 1890ల్లో రిజల్యూషన్ దీవికి కాపలాదారు. పడవ మీద వందల పక్షులని ఆ దీవికి చేరవేసి, చివరికి 1900లో అక్కడికీ స్టోట్ ఈదుకొచ్చిందని తెలిసి కుంగిపోయినవాడు. ఈ చిలుక రిచర్డ్ హెన్రీ మాత్రం 1998లో ఫ్లాసీ అనే ఆడదాంతో మూడు పిల్లల్ని కన్నాడు. ఫియోర్డ్‌ల్యాండ్ రక్తం ఆ ముగ్గురి ద్వారానే నిలిచింది. 2010 చివర్లో ముసలితనంతో పోయాడు.

మాస్టారూ, మీ ప్రశ్న సూటిగా ఉంది. ఈ పక్షి ఏటా పిల్లల్ని పెట్టదు. రిము అనే చెట్టు విరగకాసిన ఏడాదే పెడుతుంది. రెండేళ్లకో నాలుగేళ్లకో ఒకసారి. మధ్యలో ఏళ్లలో జీతాలు ఆగవు, పక్షి ఎక్కడుందో తెలిపే రేడియోలకి బ్యాటరీలు మార్చడం ఆగదు, దీవిలోకి ఎలుక రాకుండా చూడటం ఆగదు. పిల్ల మాత్రం ఒక్కటి ఉండదు. మెట్ట పొలం కౌలుకి చేసినవాళ్లకి ఇది అర్థమవుతుంది. 1995లో మీరన్నట్టు ఆపేసి ఉంటే 2002 వచ్చేది కాదు. ఆ ఏడు రిము బాగా కాసింది. ఒక్క సీజన్‌లో 24 పిల్లలు బతికి, మొత్తం 62 నుంచి 86కి పెరిగాయి. 2009లో వంద దాటాయి. 2022 సీజన్ అయ్యేసరికి 252.

తర్వాత ముసలివి, జబ్బువి పోయి మళ్లీ కొంచెం తగ్గాయి. 2026లో రిము బాగా కాస్తుందని ముందే అంచనా వేశారు. ఇక్కడ అందరూ దానికోసమే ఎదురుచూశారు.

దోమతెర లెక్కకి నా దగ్గర జవాబు లేదు మాస్టారూ. ఆ లెక్క సరైనదే. నేను రెండింటికీ కొంచెం కొంచెం ఇస్తాను, అంతే.

గుంటూరు_ఘాటు:

పక్షి కథ బాగుంది, కాదనను. నా ప్రశ్న దాటేశారు. స్మెల్టర్ వాళ్లకి చిలుక మీద అంత ప్రేమ ఎందుకు పుట్టింది?

దక్షిణగాలి:

దాటేయలేదు. రాయడానికి ఒక పూట పడుతుందని ఆగాను.

ఆ స్మెల్టర్ 1971లో మొదలైంది. దానికి కరెంటు కోసమే ఫియోర్డ్‌ల్యాండ్‌లో మనపోరి సరస్సు దగ్గర జలవిద్యుత్ కేంద్రం కట్టారు. మొదటి ప్లాను ప్రకారం సరస్సు మట్టం బాగా పెంచాలి. పెంచితే ఒడ్డున ఉన్న అడవి మునుగుతుంది. జనం తిరగబడ్డారు. 1970లో 2,64,907 సంతకాలతో పార్లమెంటుకి విన్నపం వెళ్లింది. అప్పటి ఆ దేశ జనాభాలో దాదాపు పదో వంతు. 1972 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, మట్టం పెంచడం ఆగిపోయింది. ఆ ఉద్యమంలో ముందు నిలబడ్డవాళ్లలో ఫారెస్ట్ అండ్ బర్డ్ ఒకటి.

ఇరవై ఏళ్లు తిరక్కుండా అదే సంస్థ, అదే స్మెల్టర్ ఒకే బల్ల దగ్గర కూర్చుని చిలుక కోసం చేతులు కలిపాయి. ఇప్పటి భాగస్వామి మెరిడియన్ ఎవరనుకున్నారు? ఆ మనపోరి కేంద్రం యజమాని. అంటే ఇద్దరు దాతల మూలమూ ఆ ఒక్క సరస్సులోనే ఉంది.

మీరు దీన్ని పాపపరిహారం అంటారు. ఉండొచ్చు. గుడి హుండీలో వేసే ప్రతి నోటుకీ చరిత్ర అడగం కదా అంటే అదీ సరైన వాదన కాదు, అడగాల్సిందే. నేను చూసుకున్నది ఒక్కటే: డబ్బు ఇచ్చినవాడికి పక్షి మీద అధికారం ఇచ్చారా? ఇవ్వలేదు. ఏ పక్షిని ఎక్కడికి తరలించాలి, ఎవరికి చూపించాలి అనేది కంపెనీ చెప్పదు. సంరక్షణ శాఖా, ఙాయ్ తహు వాళ్లూ చెప్తారు. దీవిలో నేనున్న రెండు వారాల్లో కంపెనీ బోర్డు ఒక్కటీ కనిపించలేదు. బురద మాత్రం మోకాలి దాకా ఉంది.

గుంటూరు_ఘాటు:

బోర్డు లేదు అన్న మాట దగ్గర కాస్త మెత్తబడ్డాను. పూర్తిగా కాదు.

డాక్టరమ్మ_తణుకు:

నేను పశువైద్యురాలిని, పని అంతా కోళ్ల ఫారాల్లోనే. ఈ దారం చదువుతుంటే 2019 గుర్తొచ్చింది. ఆ ఏడు కాకాపోలకి రికార్డు స్థాయిలో పిల్లలు పుట్టాయి, 70 పైగా బతికాయి. కానీ మధ్యలో ఫెనువా హౌలో ఆస్పర్‌జిలోసిస్ అనే బూజు జబ్బు వచ్చింది, ఊపిరితిత్తులకి పడుతుంది. మా ఫారాల్లో దీన్నే బ్రూడర్ న్యుమోనియా అంటాం. చెమ్మ పట్టిన ఊక లిట్టరుగా, అంటే కోళ్ల కింద పరుపుగా, పోస్తే బూజు లేస్తుంది. పిల్లలు నోరు తెరిచి, మెడ చాచి ఊపిరి తీస్తాయి. అప్పుడు నన్ను పిలుస్తారు. నేను వెళ్లేసరికి చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. లిట్టరు తీసేయమంటాను, పోయినవి పోగా మిగిలినవి చూసుకోమంటాను. వేలల్లో ఉన్నప్పుడు వైద్యం అంటే అదే.

అక్కడ వాళ్లు ఏం చేశారంటే, అనుమానం ఉన్న ఒక్కో పక్షినీ దీవి నుంచి విమానంలో తీసుకొచ్చి స్కాన్ తీశారు. డునెడిన్, పామర్‌స్టన్ నార్త్, ఆక్లాండ్ ఆసుపత్రుల్లో పెట్టి నెలల తరబడి యాంటీ ఫంగల్ మందులిచ్చారు. 21 పక్షులకి సోకితే 9 పోయాయి. నా వృత్తిలో ఉన్నవాళ్లకి ఆ రెండో అంకె చిన్నదిగా కనిపిస్తుంది. ఈ జబ్బుకి 12 బతికించడం మాటలు కాదు.

అదే సీజన్‌లో ఇంకో పిల్ల. పుర్రె ఎముక పూర్తిగా మూసుకోలేదు, మెదడు కొంచెం బయటికి ఉబ్బింది. 56 రోజుల పిల్లకి మాసీ విశ్వవిద్యాలయం ఆసుపత్రిలో తలకి ఆపరేషన్ చేశారు. మనుషులకి చేసే పద్ధతినే పిల్లకి సరిపడా మార్చి చేశారు. ఆపరేషన్ సక్సెస్. తర్వాత ఆ పిల్ల ఈ బూజు జబ్బుతోనే పోయింది. ఆ వార్త చదివిన రోజు నేను ఒక ఫారంలో ఉన్నాను. ముందు గంపలో రెండు వందల చచ్చిన పిల్లలు. ఆ గంపకి రాని ఏడుపు అక్కడెక్కడో పోయిన ఒక్క పిల్లకి వచ్చింది. ఎందుకో మాస్టారి లెక్కలో దొరకదు.

లెక్కలమాస్టారు:

దొరకదమ్మా. ఒప్పుకుంటాను.

లంకమల:

మాది కడప జిల్లా, సిద్ధవటం దగ్గర. మీరంతా న్యూజిలాండ్ దాకా పోయినారు గానీ మా కాడ కూడా ఒక రాత్రి పక్షి ఉంది. కలివికోడి. ఇది ఎగురుతుంది, కానీ ఎక్కువగా నేల మీదే పరుగు. కలివి పొదల మధ్య తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదని, అంతరించిందని పుస్తకాల్లో రాసేసినారు. 1986 జనవరిలో మా లంకమల అడవి అంచున మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెతుకుతా ఉంటే, రాత్రిపూట టార్చిలైటుతో పట్టి చూపించింది మా ఊర్ల మనిషే. మా పెద్దోళ్లకి అది ఎప్పుడూ పోనేలేదు. పుస్తకంలోనే పోయింది.

దానికోసం లంకమల్లేశ్వర అభయారణ్యం పెట్టినారు. తెలుగుగంగ కాలువ దాని చోటు మీదగా పోకుండా దారి మార్పించడానికి పెద్ద పోరాటమే అయింది. కానీ 252 అని దక్షిణగాలి అన్న చెప్పినట్టు మా దానికి అంకె చెప్పగలిగినోడు లేడు. ప్రతిదానికీ పేరు పెట్టి, మెడలో రేడియో కట్టి... మా దానికి ఫోటో దొరకడమే గగనం.

అసూయగా ఉంది. అంతే చెప్పాలనిపించింది.

దక్షిణగాలి:

లంకమల అన్నా, రేడియో మెడలో కాదు, వీపున బ్యాగులా కడతారు. ఏడాదికోసారి పట్టుకుని మారుస్తారు. నేను దగ్గరగా చూసింది ఆ ఒక్కసారే. ఒక రేంజర్ పక్షిని ఒళ్లో పెట్టుకుని గుడ్డ కప్పి పట్టుకుంది. నేను టార్చి పట్టుకున్నాను. ఆమె పట్టీ కత్తిరిస్తుంటే అది నా చొక్కా బొత్తాం నోటితో పట్టి, కొరక్కుండా, నాలుకతో తిప్పి తిప్పి చూసింది. బొత్తాం ఇప్పటికీ ఉంది, నొక్కులు పడి.

మీరు చెప్పిన "పుస్తకంలోనే పోయింది" అన్న మాట ఙాయ్ తహు పెద్దలు వింటే తల ఊపుతారు. వాళ్ల పూర్వీకులు కాకాపోని వేటాడి తిన్నారు. ఈకలతో కప్పుకునే శాలువాలు నేశారు. ఆ సంగతి దాచరు. 1998లో ప్రభుత్వంతో జరిగిన ఒప్పందంలో ఈ పక్షిని వాళ్ల తవోంగాగా, అంటే తరతరాల సొత్తుగా, చట్టంలో గుర్తించారు. అందుకే వాళ్లు ఇక్కడ దాతలు కాదు, అతిథులు కాదు, ఇంటివాళ్లు. 2023లో నాలుగు మగ పక్షులని దశాబ్దాల తర్వాత మళ్లీ ప్రధాన భూభాగంలో, వైకాటోలోని మౌంగతౌతరి కొండకి పంపారు. చుట్టూ 47 కిలోమీటర్ల కంచె ఉన్న అడవి. అక్కడి తెగకి వీటిని అప్పగించేటప్పుడు ఙాయ్ తహు వాళ్లు వాడిన మాట ఫాంగై. మన పెంపకానికి ఇవ్వడం లాంటిది. పిల్లాణ్ణి మేనత్త ఇంట్లో పెంచడానికి పంపినా పుట్టింటి హక్కు పోదు కదా, అలా.

తర్వాత ఇంకో ఆరు పంపారు. వాటిలో కొన్ని ఏం చేశాయో తెలుసా? కంచె దాటి బయటికి వెళ్లిపోయాయి. ఎలుక పిల్ల కూడా దూరకుండా కట్టిన కంచె అది. లోపలికి ఏదీ రాకుండా చూశారు గానీ, చెట్టెక్కి బయటికి దిగే చిలుక ఉంటుందని కంచె కట్టిననాడు ఎవరూ అనుకోలేదు. రేడియో సంచి ఉంది కాబట్టి వెతికి పట్టుకోగలిగారు. కొన్నిటిని మళ్లీ దక్షిణ దీవులకి పంపేశారు.

మియాపూర్_మైనా:

పాపకి కంచె దాటిన సంగతి చెప్పాను. గంట నుంచి అదే ఆట. సోఫా కంచె.

దీవిలో మీరు చేసిన పనేంటో కూడా రాయండి అన్నా. వలంటీర్లంటే ఏం చేస్తారు?

దక్షిణగాలి:

కూలిపని. గుళికల మేత సంచి వీపున వేసుకుని కొండల్లో ఉన్న తొట్టెల దగ్గరికి నడవడం, తొట్టె కడగడం, నింపడం, తిరిగి రావడం. మళ్లీ మర్నాడు.

వెళ్లేముందు ఇన్వర్‌కార్గిల్‌లో క్వారంటైన్ గది ఉంటుంది. తలుపు మూసి, సామాను అంతా బల్ల మీద విప్పి పరచాలి. సాక్సులు తిరగేసి చూస్తారు. నా రెయిన్‌కోటు వెల్క్రోలో ఒక గడ్డి గింజ ఇరుక్కుంటే ఆవిడ ట్వీజర్‌తో తీసి, సంచిలో వేసి, నా వైపు చూసింది. పరీక్ష హాల్లో చీటీ దొరికినట్టు అయింది నాకు. తర్వాత నా పోపుల డబ్బా. ఆవాలు, మెంతులు, ధనియాలు. "ఇవి మొలకెత్తుతాయా" అంది. మొలకెత్తుతాయి, మా అమ్మ పెరట్లో అలాగే వేస్తుంది అని నిజం చెప్పాను. డబ్బా అక్కడే ఆగిపోయింది. పద్నాలుగు రోజులు పోపు లేని పప్పు తిన్నాను.

మేత గురించి మాస్టారికి ఒక లెక్క ఇస్తా, నచ్చుతుంది. 1990ల్లో ఆడవాటికి బాగా మేత పెట్టారు, గుడ్లు ఎక్కువ పెడతాయని. పుట్టిన పిల్లల్లో మగవే ఎక్కువయ్యాయి. అసలే మగవి ఎక్కువున్న జాతి! తేలిందేమిటంటే బరువెక్కిన తల్లికి మగపిల్లలు ఎక్కువ పుడతాయి. అప్పుడు ఒక్కో ఆడదాన్నీ తూచి, గుడ్లు పెట్టడానికి సరిపడా, కానీ బాగా బలవకుండా, మేత కొలిచి పెట్టడం మొదలుపెట్టారు. ఆడా మగా దాదాపు సమానానికి వచ్చాయి. ఆ తూకం కోసమే తొట్టెల దగ్గర త్రాసు ఉంటుంది.

మీరు పంపే డబ్బు వెళ్లేది ఇలాంటి వాటికే. మేత, రేడియో, బోటు, ఆసుపత్రి. సర్టిఫికెట్ మీద ఉన్న పక్షికి మాత్రమే అని కాదు, అందరి గంపలోకే.

డాక్టరమ్మ_తణుకు:

తల్లి బరువుని బట్టి పిల్లల ఆడామగా మారడం! మా బ్రీడర్ ఫారం యజమానులకి ఇది చెప్తే రేపటి నుంచి నన్ను నిద్రపోనివ్వరు. కోళ్లలో ఇలా కుదరదని ముందే రాసేస్తున్నా, ఎవరూ ఫోన్ చేయొద్దు.

లెక్కలమాస్టారు:

త్రాసు సంగతి బాగుంది. మంచిది చేయబోతే ఎదురు తిరిగింది, కొలిచి చూశారు కాబట్టి తెలిసింది. కొలవకపోతే పెడుతూనే ఉండేవాళ్లు, మగవి పుడుతూనే ఉండేవి.

దోమతెర మాట వెనక్కి తీసుకోను. కానీ మైనా అమ్మాయికి ఇచ్చిన సలహా మారుస్తున్నాను. నెల జీతంలో పాప పాకెట్ మనీకి ఎంత పక్కన పెడతావో అందులోంచి తీయి. పాప డబ్బు అవుతుంది.

గుంటూరు_ఘాటు:

సిరోకో ఎందుకు అంత ఫేమస్ అయిందో ఎవరూ రాయలేదేం? నేను యూట్యూబ్‌లో చూసొచ్చాను. 2009లో బీబీసీ వాళ్లు షూటింగుకి వెళ్తే జంతుశాస్త్రవేత్త మార్క్ కార్వర్‌డైన్ తల మీదికెక్కి... సరే, పిల్లలు చదివే దారం. పిల్లగా ఉన్నప్పుడు ఊపిరి జబ్బు చేస్తే మనుషులే పెంచారట, అందుకని తనూ మనిషినే అనుకుంటాడు. ఆడ కాకాపోల మొహం చూడడు. 2010లో అక్కడి ప్రభుత్వం వాణ్ణి ప్రకృతి సంరక్షణ తరఫున అధికార ప్రతినిధిని చేసింది. మన దగ్గర ఆ పోస్టుకి వాడి కంటే తక్కువ అర్హత ఉన్నవాళ్లని చాలామందిని చూశాను.

మోడరేటర్:

రాజకీయాలు వద్దు ఘాటు గారూ. దారాన్ని పక్షుల విభాగానికి మార్చాను.

లంకమల:

మైనా గారూ, డబ్బు అక్కడికి పంపండి, తప్పు లేదు. ఒకసారి పాపని తీసుకుని సిద్ధవటం వైపు కూడా రాండి. కలివికోడి కనపడదు, ముందే చెప్తున్నా. నేను పుట్టి పెరిగి కూడా చూడలేదు. కలివి పండ్లు మాత్రం నల్లగా మాగి ఉంటాయి, కోసుకు తినొచ్చు.

మియాపూర్_మైనా:

అప్‌డేట్. నిన్న రాత్రి పంపాం. దత్తత కాదు, మామూలు విరాళమే. సర్టిఫికెట్‌లో ఒక్క పక్షి పేరే ఉంటే మిగతావి ఏడుస్తాయని పాప తీర్పు. దాని ముంతలో 640 రూపాయలు ఉన్నాయి, మిగిలింది నేను కలిపాను. మాస్టారూ, మీరు చెప్పినట్టే.

ఈ రోజు పొద్దున టీమ్ కాల్‌లో ఎవరో డ్యాన్సు చిలుక పెట్టారు. పాప వెనక నుంచి కెమెరాలోకి తల పెట్టి, "అంకుల్, వాడికి ఇప్పుడు నిద్ర టైము, పగలు లేపకండి" అంది. మ్యూట్ చేయడం మర్చిపోయాను.